పాటకు పట్టము కట్టిన పాలకురికి

జనగామ ప్రాంతపు తరగతిగదిలో నిలిచి పోతన పద్యమొక్కటి చదువుమని కోరినచో పది చేతులు లేచును. అదే తరగతిలో పాలకురికి సోమనాథుని గూర్చి అడిగినచో బసవపురాణము, పండితారాధ్యచరిత్రము అను రెండు పేర్లు వినవచ్చును. అంతటితో ప్రసంగము ముగియును. పాతికేండ్లకు పైగా తెలుగు పాఠము చెప్పుచున్న నాకు ఇది ఏటేట కలుగు అనుభవమే. విద్యార్థుల తప్పు ఇందులో లేదు. మనము వారికి నేర్పినది అంతియే.

పోతన పుట్టిన బమ్మెరయు, సోమనాథుడు పుట్టిన పాలకుర్తియు నేడొకే మండలములో నున్నవి. ఇరువురును భక్తకవులే, ఇరువురును తమ ప్రధానకృతులను రాజులకు అంకితము చేయనివారే. అయినను ఒకరి పద్యము ఇంటింట నిలిచినది. మరియొకరి ద్విపద పరీక్షపత్రమునకు పరిమితమైనది. దీనికి కారణము సోమనాథుని కవిత్వములోని కొరత కాదు. ఆయన పద్యమును కాక పాటను నమ్ముకొనినాడు. ఆ నమ్మకమునకు ఆయన చెల్లించిన మూల్యమేమి? తెలుగుజాతికి దానివలన దక్కినదేమి? ఈ రెండు ప్రశ్నలకు ఆయన జీవితమే సమాధానము చెప్పును.

పాలకుర్తి 2016వ సంవత్సరములో ఏర్పడిన జనగామ జిల్లాలోనిది. ఊరి ప్రక్కన గుట్ట. గుట్టమీద సోమేశ్వరుడును, లక్ష్మీనరసింహస్వామియు వెలసియున్నారు. ఊరి దేవుని పేరే ఊరి కవికి పేరైనది. ఇచ్చటినుండి తూర్పుగా పోయినచో మహబూబాబాదు జిల్లాలో కురవి వీరభద్రస్వామి ఆలయము కలదు. ఉత్తరముగా సాగినచో భూపాలపల్లి జిల్లాలో ఘనపురము కోటగుళ్లు, వానిని దాటి గోదావరీ ప్రాణహితల సంగమమువద్ద కాళేశ్వరము కనబడును. శ్రీశైలము, ద్రాక్షారామము, కాళేశ్వరము అను మూడు లింగములనుండియే త్రిలింగమను దేశనామము పుట్టినదని పెద్దలు చెప్పుదురు. కాకతీయుల నాడు ఈ సీమయంతయు శివనామముతో మారుమ్రోగినది. రాజులును సామంతులును కట్టించిన గుడులు రాతియగుటచే నిలిచినవి. ఆ గుడివాకిళ్లలో గొంతెత్తి పాడిన జనుల పాట మాత్రము గాలిలో కలిసిపోవలసినదే. దానిని పట్టి గ్రంథములో నిలిపినవాడు సోమనాథుడు.

ఆయన కాలమును గూర్చి పండితులలో రెండు అభిప్రాయములు కలవు. 12వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి 13వ శతాబ్ది పూర్వార్ధము వరకు జీవించినాడని కొందరందురు. 1289 మొదలు 1323 వరకు ఓరుగల్లు నేలిన ప్రతాపరుద్రుని కాలమువాడని మరికొందరందురు. కాకతి రుద్రదేవునికిని ప్రతాపరుద్రుడను పేరుండుట ఈ చిక్కునకు ఒక కారణము. ఏ అభిప్రాయమును స్వీకరించినను ఆయన కాకతీయ యుగపు కవియే. నన్నయకు తరువాతివాడు, శ్రీనాథ పోతనలకు ముందువాడు.

తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. ఈ పేర్లను కవియే బసవపురాణములో చెప్పుకొన్నాడు. కాని అనుభవసారములో తన గోత్రము చెప్పవలసి వచ్చినప్పుడు ఋషుల పేర్లను విడిచి, తాను శివుని గణములలోని భృంగిరిటి గోత్రమువాడననియు, తనది శివకులమనియు చాటుకొన్నాడు. పుట్టుకచే ఆయన బ్రాహ్మణుడా, జంగముడా అని విమర్శకులు ఎంతో తర్కించినారు. ఆ ప్రశ్నకు ఆయన తన నాడే తలుపు మూసినాడు. కన్నడదేశములో కల్యాణ నగరమునందు బిజ్జలుని కొలువులో మంత్రియై, కులభేదమును త్రోసిపుచ్చి, కాయకష్టము చేయువానిని శివభక్తుని ప్రక్కన కూర్చుండబెట్టిన బసవేశ్వరుడు ఆయనకు ఆరాధ్యుడు. బసవని కథను తెలుగువారి కందించుటయే జీవితలక్ష్యమని ఆయన నిశ్చయించుకొన్నాడు.

ఆ నిశ్చయముతోడనే ఒక చిక్కుప్రశ్న ఎదురైనది. ఆ కథను ఏ రూపములో చెప్పవలెను? 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భారతమును తెనిగింప మొదలిడిన నాటినుండి కావ్యమనగా వృత్తపద్యములును గద్యమును కలిసిన చంపువు. అందు సంస్కృత సమాసములు ఏనుగునడకతో సాగును. వినువాడు పండితుడు కావలెను; కాకున్నచో ప్రక్కన అర్థము చెప్పు పండితుడుండవలెను. బసవేశ్వరుని కథలోని భక్తులలో చాకలివారు, చర్మకారులు, గడ్డి కోయువారు కలరు. వారి కథ వారికే తెలియని భాషలో చెప్పినచో ప్రయోజనమేమి?

సోమనాథుడు తన మార్గమును బసవపురాణపు అవతారికలోనే స్పష్టముగా తెలిపినాడు. బరువైన గద్యపద్యముల కంటె అందరికిని సమానముగా తెలియు జాను తెనుగు సరసమైనదని ఆయన అభిప్రాయము. అందుచే ద్విపదలో కూర్చితిననియు, తెలుగు మాటలే కదా యని చులకన చేయక వీనిని వేదములతో సమానముగా చూడవలెననియు ఆయన కోరినాడు. ఈ కోరికలోని సాహసమును నేటి విద్యార్థి గ్రహింపవలెను. పొలముగట్టున పాడుకొను పాటను వేదము ప్రక్కన నిలుపుమని నిండుసభలో అడిగినట్లు ఆయన అడిగినాడు.

ద్విపద యనగా రెండు పాదముల పద్యము. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. రెండు పాదములకును ప్రాస కుదురును. అంతకుమించి కట్టుబాట్లు తక్కువ. దంచుచు పాడవచ్చును, ఊయెల ఊచుచు పాడవచ్చును, కాలినడకన కొండకు పోవుచు పాడవచ్చును. ముందున్నవాడు ఒక పాదమెత్తుకొనగా వెనుకనున్నవారు రెండవదానిని అందుకొనగలరు. పుస్తకము లేనివాడును దానిని జ్ఞాపకముంచుకొనును. చదువు కొందరికే చెల్లిన కాలములో ఈ గుణము చిన్నది కాదు.

సంస్కృతము రానందున సోమనాథుడు ద్విపదను పట్టెననుకొనరాదు. ఆయన సోమనాథభాష్యమును సంస్కృతములోనే రచించినాడు. చతుర్వేదసారములో శైవమునకు వేదప్రమాణములు చూపినాడు. వృషాధిపశతకము తెలుగులోని తొలి శతకములలో ఒకటి. అందు తమిళ, కన్నడ, మరాఠీ భాషలలో నడచు పద్యములును కలవు. రగడ, ఉదాహరణము అను ప్రక్రియలకు తెలుగులో ఆయనయే ఆద్యుడు. కన్నడములోను రచనలు చేసినాడు. ఇన్ని విద్యలు తెలిసినవాడు కావుననే ఆయన ఎన్నికకు విలువ కలిగినది. ఇటలీదేశపు డాంటే (1265–1321) లాటినుభాష తెలిసియు, తన మహాకావ్యమును ప్రజలు మాటలాడు భాషలో వ్రాసినాడు. ఐరోపా చరిత్రకారులు దానిని ఒక మలుపుగా చెప్పుకొందురు. అట్టి మలుపునే మన పాలకుర్తివాడు తెలుగునకు తెచ్చినాడు.

బసవపురాణము ఏడు ఆశ్వాసముల ద్విపదకావ్యము. బసవేశ్వరుని జననము, బాల్యముననే ఉపనయనమును కాదనుట, కల్యాణములో భక్తసేవ, చివరకు కూడలసంగమములో శివైక్యము ఇందలి ప్రధానకథ. కాని చదువరి మనస్సులో నిలుచునవి నడుమనడుమ వచ్చు భక్తుల కథలు. బెజ్జమహాదేవి యను ఇల్లాలికి ఒకనాడు శివునికి తల్లి లేదన్న సంగతి మనసున తట్టినది. తల్లియే యున్నచో కొడుకును జడలు కట్టనిచ్చునా, విషము త్రాగనిచ్చునా, శ్మశానములో తిరుగనిచ్చునా అని ఆమె వగచినది. అటుపై తానే తల్లియై లింగమునకు నలుగుపెట్టి, నీళ్లుపోసి, కాటుక దిద్ది లాలించినది. తెలుగుతల్లులు చంటిబిడ్డకు చేయు పనులన్నియు ఆ ఘట్టములో కలవు.

రుద్రపశుపతి యను అమాయకభక్తుడు పురాణము వినుచు శివుడు హాలాహలము మ్రింగెనను మాట చెవిని పడగానే కలత చెందినాడు. అది యుగముల నాటి కథయని ఆయనకు తోచలేదు. తన దేవుడు ఇప్పుడే విషము మ్రింగినాడని నమ్మి ప్రాణము విడుచుటకై నీటిలో దిగినాడు. చివరకు శివుడే దిగివచ్చి ఊరడింపవలసివచ్చినది. గొడగూచి అను చిన్నపిల్ల, ఊరికి పోయిన తండ్రి మాట ప్రకారము గుడికి పాలు తీసికొనిపోయి, దేవుడు త్రాగలేదని ఏడ్చి ఏడ్చి త్రాగించినది. తిరిగివచ్చిన తండ్రి పాలేమైనవని కూతునే గద్దించినాడు. పెద్దల అపనమ్మకమునకును పిల్లల నమ్మకమునకును నడుమ శివుడు పిల్లల పక్షము వహించినాడు.

మాదర చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి బ్రదుకువాడు. అతడు ఎవరికిని తెలియకుండ శివునికి అంబలి అర్పించుచుండెను. ఒకనాడు ఆ అంబలి రుచికి శివుడు రాజుగారి నైవేద్యమును ముట్టలేదు. కారణము తెలిసికొన్న రాజు ఆ పేదవానిని వెదకుకొనుచు పోయి మ్రొక్కినాడు. మడివాలు మాచయ్య చాకలి. భక్తుల బట్టలుదుకుటయే తన వ్రతమని చెప్పి బిజ్జలుని బలమునకును జంకనివాడు. ఈ కథ చదివినప్పుడెల్ల పాలకుర్తికే చెందిన మరియొకరు నాకు జ్ఞాపకమునకు వత్తురు. 1940వ దశకములో తాను సాగుచేసిన భూమిని, పండించిన పంటను దొరతనమునకు వదలక ఎదిరించి నిలిచిన చాకలి ఐలమ్మ (1895–1985) ఆ ఊరిలోనే బ్రదికినది. ఆమె పోరాటమునకు బసవపురాణము కారణమని నేననను. అయితే చాకలివాని ధైర్యమును కావ్యముగా పాడిన కవియు, ఆ ధైర్యమును బ్రదుకులో చూపిన స్త్రీయు ఒకే ఊరివారగుట మన విద్యార్థులకు తెలియవలసిన సంగతి.

ఇట్టి కావ్యమునకు ఆనాటి పండితలోకము చేసిన మర్యాదను తరువాతి కాలపు శైవకవి పిడుపర్తి సోమనాథుడు చెప్పిన కథ తెలుపును. ఓరుగల్లులో స్వయంభూదేవుని ఆలయములో భక్తులు కూడి బసవపురాణము పఠించుచుండగా ప్రతాపరుద్రుడు వచ్చి ఆ గోష్ఠి యేమని అడిగినాడట. ప్రక్కనున్న బ్రాహ్మణుడొకడు, అది పాలకురికి సోమనాథుడు ఇటీవల కల్పించినదనియు, ప్రాసయతులు చొప్పించిన ద్విపదయనియు, పురాతనము కాదు గనుక ప్రమాణము కాదనియు చెప్పెనట. రాజు ఆ మాట నమ్మి వెడలిపోయినాడట. కావ్యములోని భక్తిని ఎవరును విచారింపలేదు. ఛందస్సును మాత్రము విచారించినారు. ఇంకొక విశేషమేమనగా, ఈ కథ చెప్పిన పిడుపర్తికవి సోమనాథునిపై అపారమైన భక్తి కలవాడు. ఆయనయే బసవపురాణమును ద్విపదనుండి పద్యకావ్యముగా మార్చి వ్రాసినాడు. అభిమానించినవారి చేతులలోను పాట పద్యముగా మారవలసివచ్చినది. సోమనాథుడు చెల్లించిన మూల్యమిది.

రాజు ఆగకపోయినను కవి ఆగలేదు. బసవపురాణము తరువాత అంతకంటె పెద్దదగు పండితారాధ్యచరిత్రమును ఆ ద్విపదలోనే రచించినాడు. 12వ శతాబ్ది శైవాచార్యుడును, శివతత్త్వసారకర్తయు నగు మల్లికార్జున పండితారాధ్యుని చరిత్రమిది. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములని ఐదు భాగములు. బసవేశ్వరుని కనులార చూడవలెనని బయలుదేరిన పండితునికి, ఆయన లింగైక్యము చెందినాడన్న వార్త దారిలో తగులును. చూడదలచినవానిని చూడలేకపోయిన ఆ దుఃఖఘట్టము కఠినహృదయమును కూడ కదలించును.

పర్వతప్రకరణములో సోమనాథుడు మనలను శ్రీశైలము దారి పట్టించును. శివరాత్రికి నలుదిక్కులనుండి జనము కొండ నెక్కుచున్నారు. వారు పాడు తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, శంకరపదములు, నివాళిపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు మొదలగువానిని ఆయన పేరుపేరున చెప్పినాడు. వీణలలోని రకములు, ఇతర వాద్యములు, నృత్యములు, తెరమరుగున బొమ్మలనాడించువారి ఆటలు అన్నింటిని పట్టిక వేసినట్లు చూపినాడు. గణపతిదేవుని కొలువులోని జాయపసేనాని నృత్యశాస్త్రమును సంస్కృతములో నృత్తరత్నావళిగా వ్రాసినాడు. అది శాస్త్రజ్ఞుల కొరకు వ్రాసిన గ్రంథము. సోమనాథుడు దుమ్ముకాళ్ల యాత్రికుల ప్రక్కన నడచుచు విన్నదానిని వ్రాసినాడు. ఏడువందల యేండ్ల క్రిందట తెలుగు సామాన్యుడు ఏమి పాడుకొనుచుండెనని అడుగువారికి ఈ ప్రకరణమును మించిన సాక్ష్యము అరుదు. పాటను నమ్ముకొన్న కవివలన జాతికి దక్కిన లాభమిది.

ఇంత చెప్పి ఆయనలోని కాఠిన్యమును దాచుట న్యాయము కాదు. శివభక్తుల నడుమ కులము నెంచని ఆ కవి, శివభక్తుడు కానివానియెడ దయ చూపలేదు. జైనులపై భక్తులు జరిపిన దౌర్జన్యములను ఘనకార్యములుగా వర్ణించినాడు. అన్యదేవతల నారాధించువారిని నిష్ఠురముగా నిందించినాడు. మతకలహములతో నిండిన కాలమది యని కారణము చెప్పవచ్చును; కాని కారణము చెప్పినంతమాత్రమున ఆ ఘట్టములు అందమైనవి కాజాలవు. తరగతిలో ఈ కావ్యమును బోధించు ఉపాధ్యాయుడు బెజ్జమహాదేవి కథతోపాటు ఈ సంగతిని కూడ విద్యార్థులకు చెప్పవలెను. ఒక గోడను కూల్చిన చేయియే మరియొక గోడను కట్టగలదన్న పాఠము వారికి జీవితములో పనికివచ్చును.

చివరి దినములలో సోమనాథుడు కన్నడదేశమునకు పోయి, మాగడి ప్రాంతములోని కల్య యను గ్రామములో శివైక్యము చెందెనని సంప్రదాయము. తెలుగున పుట్టిన బసవపురాణము కూడ ఆయన వెంటనే కన్నడమునకు పోయినది. 1369వ సంవత్సరములో భీమకవి దానిని కన్నడ షట్పదులలో రచించినాడు. బసవని కథ కన్నడసీమనుండి తెలుగునకు వచ్చి, తెలుగు పాటయై, మరల పుట్టినింటికి చేరినది. మన సాహిత్యములోను ఆయన బాట పూడిపోలేదు. రంగనాథరామాయణము ద్విపదలో సాగినది. తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణమును ద్విపదలో పాడినది. పద్యమునకు చక్రవర్తివంటి శ్రీనాథుడు కూడ హరవిలాసములో చిరుతొండనంబి కథను చెప్పినాడు. ఆ కథను అంతకుముందే తెలుగువారికి ద్విపదలో వినిపించినవాడు సోమనాథుడు. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో బసవపురాణమును ప్రకటించినారు. 1990లో వెల్చేరు నారాయణరావుగారు జీన్ రోఘేర్‌తో కలిసి చేసిన ఆంగ్లానువాదము అమెరికాలో వెలువడినది. ఓరుగల్లు గుడిలో రాజు నిలిచి వినని కావ్యమును సముద్రముల కావలివారు కూర్చుండి చదివినారు.

ఇక మన సంగతి. జనగామ పల్లెలలో నేటికిని ఒగ్గుకథకులు శివుని డమరువగు ఒగ్గును మ్రోగించుచు మల్లన్నకథను రాత్రులు తెల్లవార్లు పాడుదురు. ఆ విద్యకు దేశమంతట కీర్తి తెచ్చి 2017లో దివంగతుడైన చుక్క సత్తయ్య ఈ జిల్లావాడే. ఆశ్వయుజములో మన ఆడపడుచులు బతుకమ్మ చుట్టును తిరుగుచు పాడు పాటలలో ఎన్ని పేర్లు లేని కవుల కంఠములు దాగియున్నవో! అయినను వానిని కవిత్వమని పిలుచుటకు మన నోరు వెనుకాడుచునే యున్నది. ఓరుగల్లు గుడిలో ఆనాడు రాజు ప్రక్కన నిలిచి మాట అందించినవాడు నేడు మన పాఠ్యప్రణాళికలలోను, మన అలవాట్లలోను నిలిచియున్నాడు.

ఉపాధ్యాయ సోదరులకు నా మనవి యొక్కటే. సోమనాథుని పాఠము వచ్చిన దినమున గణవిభజనతో ఆగిపోవలదు. నాలుగు ద్విపదలను గొంతెత్తి పాడి వినిపింపుడు. రెండవ పాదమును విద్యార్థులచే అందుకొనజేయుడు. విద్యార్థులారా, ఆ సాయంకాలము ఇంటికి పోయి మీ అవ్వను ఆమె చిన్ననాటి పాట ఒకటి పాడుమని అడుగుడు. శ్రీశైలము దారిలో సోమనాథుడు చేసినది ఆ పనియే. దానికొక నోటుపుస్తకమును, వినుటకు కొంత ఓపికయు చాలును.